మూడో వరుస రాయి

“గోడ తీసేస్తున్నాం మామయ్యా,” అన్నాడు డ్రైవరు కొడుకు, పాత క్యాలెండరు తీసేస్తున్నంత తేలిగ్గా. “ఈ వంటిల్లూ ముందుగదీ కలిపేస్తే ఇల్లు కాస్త ఇల్లులా ఉంటుంది. ఎల్లుండి పొద్దున్నే పనివాళ్ళొస్తున్నారు.”

మేస్త్రి చేతిలో టీ కప్పుంది. గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని వంటింటి నేలమీద కూర్చున్నాడు. ముప్పయ్యేళ్ళకి పైగా సాయంత్రంపూట ఆయన చోటు అదే. డ్రైవరు బతికున్న రోజుల్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు. డ్రైవరు పోయాక ఈయన ఒక్కడే వచ్చి కూర్చుంటున్నాడు. డ్రైవరు కోడలు విసుక్కోకుండా టీ ఇస్తుంది, తాగి వెళ్ళిపోతాడు.

“ఏ గోడ?” అన్నాడు, తెలియనట్టు.

“ఇదే, నువ్వు ఆనుకున్నదే. ఇన్నాళ్ళూ నువ్వు దన్నుగా ఉండబట్టి నిలబడింది గానీ, లేకపోతే ఎప్పుడో కూలిపోయేది కాదూ?”

డ్రైవరు కొడుకు తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. మేస్త్రికి మాత్రం టీ అడ్డం పడి పొలమారింది. డ్రైవరు కోడలు పరుగున వచ్చి నెత్తిమీద తట్టింది. “ఎవరో తలుచుకుంటున్నారు మామయ్యగారూ,” అంది. ఎవరు తలుచుకుంటున్నారో ఆయనకి తెలుసు. ఆ గోడలో ఆయన కూతురి కాలుంది.

కంగారు పడకండి. కాలంటే కాలు కాదు, కాలి గుర్తు. తడి సిమెంటులో దిగిన నాలుగేళ్ళ పిల్ల అడుగు. ఆ పిల్ల పోయింది, ఆ పిల్ల బట్టలు పోయాయి, ఒక్క ఫోటో అయినా లేదు. లోకంలో ఆ పిల్ల పుట్టిందీ తిరిగిందీ అని చెప్పడానికి మిగిలింది ఆ అడుగొక్కటే. అది ఈ గోడలో ఉందని మేస్త్రికి తప్ప ఇంకో ప్రాణికి తెలియదు. కట్టుకున్న భార్యకి కూడా తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది. గోడలకి చెవులుంటాయంటారు గానీ కాళ్ళుంటాయని పెద్దలెవరూ చెప్పలేదు కదా, ఎవరు మాత్రం ఊహిస్తారు?

యుద్ధానికి ముందు వాళ్ళకి పాత ఊళ్ళో రెండు గదుల ఇల్లుండేది. గడప అరిగిపోతే మేస్త్రి ఓ పొద్దున కూర్చుని కొత్తగా సిమెంటుతో పోశాడు. నున్నగా తీర్చి, పనిముట్లు కడుక్కుందామని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ “పిట్టా!” అని పిలిచాడు. ఒక్కచోట నిలవదని దానికి ఆ పేరు తనే పెట్టాడు. పిలవడం ఆలస్యం, ఇంట్లోంచి రివ్వున వచ్చింది. ఎడమ కాలు గడపమీద, కుడి కాలు గడపమీద, ఆ తర్వాత ఒక్క ఉరుకులో నాన్న మెడమీద ఉంది.

“అయ్యో అయ్యో, పొద్దుణ్ణించీ చేసిందంతా పాడు చేసిందండీ!” అని తల్లి లబలబలాడింది. మేస్త్రి తాపీ పట్టుకుని చెరపడానికి వంగాడు, వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

“ఉండనీవే. మేస్త్రి కూతురు ఆ మాత్రం సంతకం చేసుకోదా?” అన్నాడు.

మరుసటి ఏడు యుద్ధం ఊళ్ళోకే వచ్చింది. మేస్త్రిని సైన్యానికి కందకాలు తవ్వడానికి పట్టుకుపోయారు. ఒకరోజు నీళ్ళ బండి వచ్చిందంటే ఆయన భార్య బిందె పట్టుకుని వెళ్ళింది. పిల్ల నిద్రపోతోంది. లేచి వీధిలోకి పరిగెత్తుతుందేమోనని బయట గొళ్ళెం పెట్టి వెళ్ళింది. వరసలో ఉండగానే విమానాలొచ్చాయి. తిరిగొచ్చేసరికి ఆ వీధే లేదు, ఇక గొళ్ళెం ఎక్కడ, తలుపు ఎక్కడ?

యుద్ధం అయిపోయాక మిగిలినవాళ్ళకి ఇళ్ళు కావాలి. ఇటుకల బట్టీల్లేవు, కలప లేదు, ఉన్నదల్లా కూలిన ఊరు. సర్కారువాళ్ళు ఆ శిథిలాలనే బళ్ళకెత్తి, క్రషర్‌లో వేసి పిండి చేసి, సిమెంటు కలిపి అచ్చుల్లో గోడ రాళ్ళు పోయించారు. ఊరిని తిరగలిలో విసిరి ఊరు కట్టారన్నమాట. అందుకే ఈ కాలనీ గోడల్ని ఎక్కడ గీరినా ఎవరిదో పింగాణీ కప్పు పెంకు, ఎవరి పెరటిదో ఎర్ర ఇటుక పలుకు, ఎవరి కిటికీదో గాజు ముక్క తగులుతుంది.

ఇళ్ళన్నిటికీ నక్షా ఒక్కటే. ముందుగది, వంటిల్లు, వెనక పడకగది. తలుపులన్నిటికీ ఒకే ఆకుపచ్చ రంగు, ఎందుకంటే ఆ రంగు డబ్బాలే దొరికాయి. ఇంటికో చెట్టు, అన్నీ ఒకే జాతి, ఒకేరోజు నాటినవి. తాగొచ్చిన మగాళ్ళు ఎవరింట్లోనో దూరి, చెప్పులు విడిచి, మంచమెక్కి పడుకున్న కథలు కాలనీలో కొల్లలు. ప్రతి గుమ్మమూ ఎదురింటి గుమ్మానికి సూటిగా ఉంటుంది. అది ఇంజనీరుగారి పట్టుదల. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు తలుపు తీయగానే ఎదురుగా ఓ మనిషి ముఖం కనబడాలి అన్నాడట. మంచి ఉద్దేశమే, ఎవరు కాదన్నారు? లేవగానే ఎదురింటాయన ముఖం చూడడం ఎంత శిక్షో ఆ మహానుభావుడు ఎరగడు, పాపం. ఆయన కాపురం ఇక్కడ కాదుగా.

పని మొదలైన రోజున సూపర్‌వైజరు ఇసుక గుట్ట ఎక్కి ఓ మాటన్నాడు. “ఎవరు కట్టిన ఇల్లు వాళ్ళకే!” ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, తనకోసమే అని తెలిసి కట్టేవాడి చేతులు చూడాలి. వడ్రంగి తన ఇంట్లో నక్షాలో లేని అలమార చెక్కాడు. మేస్త్రి తన గోడ రాళ్ళ మధ్య వేసే మాలులో చెప్పినదానికన్నా ఓ గుప్పెడు సిమెంటు ఎక్కువ కలిపాడు.

క్రషర్ దగ్గర మేస్త్రికి వంతు పడిన రోజున ఆయన పాత వీధి శిథిలాలే వచ్చాయి. ఎవరూ చెప్పలేదు, ఆయనా గుర్తుపట్టలేదు. పొడిపొడి అయిపోయిన దాంట్లో ఏ వీధిదని గుర్తుపడతాం? పొద్దుణ్ణించీ పారలకి పారలు ఎత్తిపోస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నమవుతుండగా ఓ పెద్ద ముక్క చేతికొచ్చింది. తిప్పి చూశాడు. ఎడమ కాలు. అయిదు వేళ్ళూ ఉన్నాయి, చిటికెన వేలు కాస్త పక్కకి తిరిగి, ఎలా ఉండేదో అలాగే.

అక్కడే కూలబడ్డాడు. ఎండదెబ్బేమోనని పక్కవాడు నీళ్ళు తెచ్చాడు. తాగి లేచి, రెండో ముక్క కోసం చేతులు కోసుకుపోతున్నా గుట్టంతా కెలికాడు. దొరకలేదు. పొద్దున తన చేత్తోనే క్రషర్‌లో వేసేసి ఉంటానన్న ఆలోచన అప్పుడొచ్చింది. వచ్చింది మళ్ళీ పోలేదు.

శిథిలాల్లోంచి గుండుసూది పట్టుకెళ్ళినా పనిలోంచి తీసేసేవాళ్ళు. అందుకని ఆ ముక్కని రాయి కొలతకి చెక్కి, తను కడుతున్న ఇంట్లో, వంటింటి గోడలో, నేలనించి మూడో వరుసలో, గుమ్మం పక్కన పెట్టేశాడు. అడుగు గదిలోకి చూసేలా పెట్టి, గుంటలో బంకమట్టి నింపి, పైన ప్లాస్టరింగు చేశాడు. ఇల్లు చేతికొచ్చిన రోజున భార్యని ఆ గోడ ముందు నిలబెట్టి, పూత రాల్చి, “ఇదిగోనే, మనకంటే ముందే వచ్చి కూర్చుంది” అనాలని ఆయన ఆశ.

ఆ సాయంత్రం గుడారంలో భార్య అడిగింది. “మన వీధిది ఎత్తారట కదండీ. ఏమైనా దొరికిందా? ఏదైనా సరే.”

“ఏమీ మిగల్లేదే,” అన్నాడు. రెండు నెలల్లో తీరిపోయే అబద్ధమే కదా అనుకున్నాడు.

ఇళ్ళు పూర్తయ్యేసరికి ఎవడో పైకి అర్జీ పెట్టాడు, మేస్త్రులు వాళ్ళ ఇళ్ళే గట్టిగా కట్టుకున్నారని. కమిటీ వచ్చింది, బిందెలో చీటీలు వేసింది. ఇసుక గుట్టమీది మాట ఇసుకలోనే కలిసిపోయింది. వడ్రంగి ప్రాణం పెట్టి చేసిన అలమార కూరగాయలాయనకి పోయింది, ఆ పెద్దమనిషి అందులో ఉల్లిపాయలు పోశాడు. మేస్త్రి కట్టిన ఇల్లు బస్సు డ్రైవరుకి వచ్చింది. మేస్త్రికి సరిగ్గా దానికి ఎదురిల్లు వచ్చింది. ఈ కాలనీలో ఎవడికైనా తన ఇంటిమీద కంటే పక్కింటి మీదే ప్రేమెక్కువ అంటారు. ఎందుకనుకున్నారు మరి?

మొదటి సాయంత్రమే మేస్త్రి గుండె చిక్కబట్టుకుని, ఇల్లు మార్చుకుందామని అడగడానికి డ్రైవరింటికి వెళ్ళాడు. డ్రైవరు భార్య పచ్చి బాలింత. ఒళ్ళో బిడ్డ.

“రా అన్నయ్యా, కూర్చో. ఏం చోద్యమో గానీ, వీడు ఎక్కడ పడుకోబెట్టినా ఒకటే ఏడుపు. ఇదిగో, ఈ గోడ పక్కన వేస్తే మాత్రం హాయిగా నిద్రపోతున్నాడు. ఏ మంచి చెయ్యి కట్టిందో ఈ గోడ!” అంది.

ఆ తల్లి ముందు నిలబడి, అమ్మా, అందులో చచ్చిపోయిన నా కూతురి కాలుంది అని ఎలా అంటాడు? నోటిదాకా వచ్చింది, మింగేశాడు. టీ తాగి వచ్చేశాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. అంతే, అలా అలవాటైపోయింది.

మొదటి ఏడాదిలో భార్యకి చెబుదామని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఓ రోజు ఆవిడే అంది, “ఏమీ మిగలకపోవడమే మంచిదైందండీ. దాని గుడ్డ ముక్క కనబడినా నేను బతికేదాన్ని కాదు.” హమ్మయ్య అనుకున్నాడు మేస్త్రి. మగవాళ్ళకి సాకు దొరకాలే గానీ దానిమీద మేడలు కట్టెయ్యగలరు. ఏళ్ళు గడిచినకొద్దీ అబద్ధం ముదిరిపోయి, చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న దానికంటే పెద్దదైపోయింది.

ఆవిడ మాత్రం ఆ ఇంట్లో ఉంటూనే ఈ కాలనీలో కాపురం చేయలేదనే చెప్పాలి. గోడకి ఓ మేకు కొట్టలేదు, ఓ బొమ్మ తగిలించలేదు, ముందున్న చెట్టుకి చెంబుడు నీళ్ళు పొయ్యలేదు. చీకటి పడ్డా, వాన కొట్టినా తలుపుకి గొళ్ళెం మాత్రం పెట్టదు. దొంగలు పడతారే అంటే, పడనీండి అంటుంది. సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే, ఇంజనీరుగారి పుణ్యమా అని, ఎదురింటి ముందుగది దాటి వంటింటి గుమ్మందాకా కనిపిస్తుంది. మొగుడి ముఖం కనబడదు, చాపుకున్న కాళ్ళు మాత్రం కనబడతాయి. ముప్పయ్యేళ్ళు ఆ కాళ్ళు చూస్తూ కూర్చుంది.

“నేను పెట్టే టీ టీ కాదా? ఆ ఇంట్లో ఏం నిధి పాతిపెట్టారండీ, దాని దగ్గర కాపలా కూర్చుంటారు?” అని మొదట్లో వేళాకోళమాడేది. తర్వాత్తర్వాత అదే మాట వేళాకోళం లేకుండా అనేది. ఆ తర్వాత అనడం మానేసింది.

ఇప్పుడు ఆ గోడ తీసేస్తున్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, “ఏమే, ఓ మాట,” అన్నాడు. ఆవిడ తలెత్తింది. ఆ కళ్ళు చూడగానే ఆయన మాట మార్చేశాడు. “ఏం లేదు, ఎదురింటివాళ్ళు గోడ తీయిస్తున్నారు,” అన్నాడు. “అయితే మీరెక్కడ కూర్చుంటారు ఇక?” అంది ఆవిడ, అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేకుండా. మర్నాడంతా తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తచ్చాడాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే భార్య గుండె పగులుతుంది, చెప్పకపోతే పిట్ట అడుగు లారీకెక్కి ఏ గుంతలోనో పడుతుంది. రెండోది మాత్రం జరగనివ్వను అనుకున్నాడు. ఒకసారి తన చేత్తో పిండి చేసింది చాలు.

మూడోరోజు పొద్దున, అటకమీది ఉలీ సుత్తీ సంచిలో వేసుకుని వెళ్ళేసరికే పని మొదలైపోయింది. ఒకడు మిషను పట్టుకుని గోడ పైభాగం దడదడలాడిస్తున్నాడు. ఇల్లంతా దుమ్ము. డ్రైవరు కోడలు ముక్కుకి గుడ్డ కట్టుకుని గిన్నెలు బయటికి మోస్తోంది.

“ఆపు! ఆపరా బాబూ, నీకు దణ్ణం పెడతాను!” అని మేస్త్రి ఆ మిషనుకీ గోడకీ మధ్య దూరాడు.

“ఏంటి మామయ్యా, కాళ్ళమీద పడుతుంది, తప్పుకో!” డ్రైవరు కొడుకు చెయ్యి పట్టి లాగాడు.

“ఈ గోడ నేను కట్టాను. నేనే తీస్తాను.”

“ఈ వయసులోనా? సాయంత్రానికి లారీ వస్తుంది...”

“ఒక్క రాయిరా. ఒక్కటంటే ఒక్క రాయి తీసుకుని పోతాను. ఆ తర్వాత మీ ఇష్టం, ఇల్లంతా కూల్చుకోండి.”

పెద్దాయన చెంపలమీద నీళ్ళు చూసి డ్రైవరు కొడుకు చెయ్యి వదిలేశాడు. తండ్రి పోయినరోజు కూడా మేస్త్రి ఏడవగా వాడు చూడలేదు. మిషనువాడికి సైగ చేశాడు.

మేస్త్రి నేలమీద కూర్చుని, పూత మీదే జానలతో కొలిచి వరుసలు లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడో వరుస, గుమ్మం పక్క రాయి. ఇన్నేళ్ళూ కుడి చెయ్యి వెనక్కి పెట్టి, ఎవరూ చూడకుండా తడిమిన చోటు అదే. చెయ్యి రాపిడికి అక్కడ సున్నం నున్నబడిపోయింది కూడా. ఉలి పెట్టి, పాలగిన్నెమీది మీగడ తీసినంత పైపైన పూత రాల్చాడు. రాయి బయటపడింది.

ఉత్త రాయి. కాలూ లేదు, వేలూ లేదు.

పక్క రాయి చూశాడు. పైది చూశాడు. “ఏం పోయిందట పెద్దాయనకి?” అని మిషనువాడు గొణిగాడు. మేస్త్రికి ఆ మాట వినబడలేదు. కలగన్నానా? ఇన్నేళ్ళూ లేనిదాని పక్కన కూర్చున్నానా? ఇల్లే మారిపోయిందా? ఒక్క అచ్చులో పోసిన ఇళ్ళు, ఒక్క తీరు గోడలు. తల తిరిగి, అరచేయి నేలకి ఆనించాడు. చల్లటి గచ్చు.

ఆ గచ్చు ఆయన వేసింది కాదు. కాలనీకొచ్చిన నాలుగైదేళ్ళకి వాన నీళ్ళు ఇంట్లోకొస్తున్నాయని డ్రైవరు నేల జానెడు ఎత్తు లేపించాడు. అప్పుడు మేస్త్రి పనిలో సారవ కర్రల మీంచి పడి, కాలు విరిగి మంచంలో ఉన్నాడు. ఎవడో చవకరకం పనివాడు వచ్చి వేసిపోయాడు. కాలు అతుక్కుని తిరిగొచ్చాక మేస్త్రి ఆ నేల వాటం చూసి నానా తిట్లూ తిట్టాడు గానీ, నేల లేస్తే వరుసలు దిగుతాయన్న ఊహే తట్టలేదు. పుట్టి బుద్ధెరిగిననాటినించీ గోడలు కట్టినవాడికి తట్టలేదు! మళ్ళీ మూడో వరుస లెక్కపెట్టుకుని, మళ్ళీ చెయ్యి వెనక్కి పెట్టుకుని కూర్చున్నాడు. అన్నేళ్ళూ తను తడిమింది ఎవరింటి శిథిలమో.

కింది వరుసమీద ఉలి పెట్టాడు. రెండు దెబ్బలకే పూత పెచ్చుగా ఊడింది. ఎండిన బంకమట్టి, పిల్ల పాదం ఆకారంలో.

డ్రైవరు కొడుకు వంగి చూశాడు. “మామయ్యా, ఇది...” అని ఆగిపోయాడు. మేస్త్రి చెప్పాడు. నాలుగు ముక్కల్లో చెప్పాడు, ఎక్కువ చెప్పడానికి ఊపిరి చాల్లేదు. డ్రైవరు కోడలు చేతిలో గిన్నెలు అక్కడే పెట్టేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన మొగుడు పసికందుగా ఏడుపు ఆపిన గోడ కథ అత్తగారి నోట ఆమె ఎన్నోసార్లు విని ఉంది.

రాయి చుట్టూ మాలు తొలిచి, ఇంకో గుప్పెడు సిమెంటు కలిపిన తన చేతుల్ని తనే తిట్టుకుంటూ, మెల్లగా ఊడదీసి ఒళ్ళోకి తీసుకునేసరికి గుమ్మంలో నీడ పడింది.

ఆయన భార్య. ఎదురింటి గుమ్మంలోంచి అంతా చూసింది, మొగుడు పనివాళ్ళమీద పడి గొడవ చేస్తున్నాడని పరువు దక్కించుకుందామని వచ్చింది. “ఏం బుద్ధండీ మీకు? వాళ్ళ గోడ, వాళ్ళ ఇష్టం. చింత చచ్చినా...” అంటూ వచ్చినావిడ మొగుడి ఒళ్ళో ఉన్నది చూసింది.

ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కూర్చుని, జడలో పిన్ను తీసి, గుంటలో మట్టిని కొద్దికొద్దిగా తీయడం మొదలెట్టింది. బొటనవేలు, దాని పక్కది. చిటికెన వేలు దగ్గరికొచ్చేసరికి పిన్ను పక్కన పడేసి వేలి కొసతో తుడిచింది. పక్కకి తిరిగిన చిటికెన వేలు.

“ఎప్పుడు దొరికింది?” అంది.

“క్రషర్ దగ్గర. ఇళ్ళు కట్టేటప్పుడు.”

“ఏమీ మిగల్లేదన్నారు.”

“కొత్తింట్లో చూపిద్దామనుకున్నానే. చీటీల్లో ఇల్లు మారిపోయింది. తర్వాత... తర్వాత చెప్పలేకపోయాను.”

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. “మీరు రోజూ వచ్చి దీని పక్కన కూర్చున్నారు. పూట తప్పకుండా వచ్చి మీ కూతురి దగ్గర కూర్చున్నారు. నేను అక్కడ గుమ్మంలో కూర్చుని మీ కాళ్ళు చూశాను. నాకేది? నేను కనలేదా దీన్ని?”

“నేనూ తప్పు రాయినే తడిమానే,” అన్నాడు మేస్త్రి. ఎక్కి వచ్చే ఏడుపులో ఆ మాట సరిగ్గా రాలేదు. “నేల లేచింది, నేను చూసుకోలేదు. ఇది కిందెక్కడో ఉంటే నేను పైన... నాకూ దొరకలేదే.”

ఆవిడ రాతి అంచులన్నీ తడిమి, “రెండో కాలేది?” అంది.

ఈ ప్రశ్నకే ఆయన ఇన్నేళ్ళూ భయపడ్డది. “దొరకలేదు. దీనికంటే ముందు... పొద్దుణ్ణించీ నేనే ఎత్తిపోశాను క్రషర్‌లో. చూసుకోకుండా నా చేత్తోనే వేసేసుంటాను. ఏ ఇంటి గోడలోకి పోయిందో తెలియదు. అన్నిట్లోనూ ఉందేమో.”

ఆయన తిట్టించుకోవడానికి తలవంచుకు కూర్చున్నాడు. ఆవిడ రాతిని గుండెకి హత్తుకుని లేచింది. “మీరు చూసుకోకుండా చేశారు. నేను చూసుకుని, మరీ గొళ్ళెం పెట్టి వెళ్ళాను,” అంది. పిల్ల పోయినప్పటినించీ ఆ మాట ఎత్తితే ఇద్దరిలో ఒకరు లేచి బయటికి పోయేవాళ్ళు. ఈసారి ఎవరూ పోలేదు.

ఆవిడ ఇంటికి వెళ్తూ డ్రైవరింటి బయటి గోడమీద అరచెయ్యి వేసి నడిచింది. గోడ అయిపోతే వీధి దాటి తన ఇంటి గోడమీద వేసింది. ఆ కాలనీలో గోడల్ని ఆవిడ ముట్టుకోగా చూడడం అందరికీ అదే మొదలు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మొగుడితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, టీ ఇచ్చేది, మాట మాత్రం లేదు. రాతిని మంచం పక్కన పెట్టుకుని పడుకునేది. మేస్త్రికి సాయంత్రాలు ఎక్కడికి పోవాలో తెలియక చెట్టుకింద నిలబడేవాడు. ఎదురింట్లో గోడ పోయి వంటిల్లూ ముందుగదీ ఒక్కటై, వెలుతురు ఈ గుమ్మందాకా వచ్చేది. డ్రైవరు కోడలు టీ పట్టుకొచ్చి ఇద్దరికీ ఇక్కడే ఇచ్చి పోయేది.

ఓ పొద్దున ఆవిడే నోరు విప్పింది. “గడప కొట్టెయ్యండి. దాన్ని అక్కడ పెడదాం. దాని చోటు అదే కదా.”

మేస్త్రి ఒళ్ళు మరిచిపోయి పని చేశాడు. పాత గడప పగలగొట్టాడు, మాలు కలిపాడు, రసమట్టం పెట్టి చూశాడు. గడప ఓ పక్కగా, తొక్కుడు పడని చోట రాతిని దింపాడు. వేళ్ళు ఇంట్లోకి ఉండేలా పెట్టాడు. పిల్ల బయటినించి ఇంట్లోకి వచ్చేస్తున్నట్టు ఉంటుందని ఆయన ఊహ. ఆ ఊహకి ఆయన కళ్ళే చెమర్చాయి. “చూడవే, ఇంటికొచ్చేసింది,” అన్నాడు.

ఆవిడ లోపల నిలబడి చూసింది. తల అడ్డంగా ఊపింది.

“అలా కాదండీ. తిప్పండి.”

“ఎటు?”

“బయటికి. అప్పుడెలా ఉందో అలా. అది బయటికే పరిగెత్తాలి.”

సిమెంటు ఇంకా తడిగానే ఉంది. మేస్త్రి రెండు చేతులతో రాతిని పైకి తీసి, వేళ్ళు వీధివైపు ఉండేలా తిప్పి పెట్టాడు. చుట్టూ తాపీతో సర్దాడు. పక్కన రెండో అడుగు పట్టేంత చోటు నున్నగా తీర్చి వదిలేశాడు.

ఆవిడ వెళ్ళి తలుపు వెనకనున్న గొళ్ళేన్ని ఓసారి చూసి, సంచిలోంచి ఉలి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

“అదీ ఊడదీసెయ్యండి,” అంది.